ఇటాలియన్ క్రియ, నా కుడి తొడ

చేతికందిన ఉద్యోగాన్ని నా చేత్తో నేనే ఎలా తగలేసుకున్నానో చెబుతాను. తప్పు నాదేనని మా ఇంట్లో అందరూ అన్నారు, మీరూ అంటారు. అనండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

డిగ్రీ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల దుకాణం పైనున్న కోచింగ్‌లో ఇటాలియన్ నేర్చుకున్నాను. మా సార్‌ది భీమవరం. మన నాలుక పోయి పోయి క్రియలో తప్పు ముక్క మీద కూలబడుతుందని ఆయన బాధ. ‘వాళ్లు ఫోన్ చేస్తారు’ అనాలంటే తె-లె-ఫొ-న-నొ అని విడగొట్టి, బరువంతా ‘లె’ మీద వేయాలి. మేమేమో ‘న’ మీద వేసేవాళ్లం.

"నోటితో కాదండీ, ఒంటితో నేర్చుకోవాలి. బరువు పడేచోట తొడ మీద ఒక్కటేయండి," అన్నారు సార్.

వేశాం. నేనైతే మీర్‌పేట్ బస్సులో కూడా వేశాను. పక్కాయన సీటు వదిలేసి వెళ్లి నిలబడ్డాడు. తొడ కందిపోయింది గానీ ఉచ్చారణ సాఫయింది.

ఎల్బీనగర్‌లో ఇంటర్వ్యూ. ఇటలీ కస్టమర్ల ఫోన్లు ఎత్తే పని. అది రాకపోతే మామయ్య ప్లాట్ల దందాలో ఎండన పడి తిరగాల్సిందేనని అమ్మ ముందే తేల్చేసింది. ఎదురుగా ఒక ఇటలీ మేడం, ఆవిడ పక్కన కోరమీసాల మన మేనేజర్. మధ్యన బల్లయినా లేదు.

కస్టమర్లు ఏం చేస్తారని మేడం అడిగారు. ఫోన్ చేస్తారన్నాను. ‘లె’ దగ్గర చెయ్యి దానంతటదే లేచి ఫట్‌మని తొడ మీద పడింది. మేడం మెచ్చుకోలుగా తల ఊపారు. మాట్లాడతారన్నాను, ఫట్. ఎదురుచూస్తారన్నాను, ఫట్. కంగారు పెరిగేకొద్దీ దెబ్బ గట్టిగా పడుతోంది. చూపేమో తిరిగి తిరిగి ఆ మీసాల మీదే ఆగుతోంది.

"ఏం తమ్మీ, ఎవరి మీదికి గొడ్తున్నవ్ గా తొడ?" అన్నాడు మేనేజర్.

"వర్బ్ కోసం సార్."

"మరి నన్ను జూసుకుంట ఎందుకు గొడ్తున్నవ్?"

మేడంకు తెలుగు రాదు. ఇదేదో ఇక్కడి మర్యాద అనుకున్నట్టున్నారు. ఇంటర్వ్యూ అయిపోగానే లేచి, మేనేజర్ వైపు తిరిగి, చిరునవ్వుతో తన తొడ మీద ఒక్కటి చరిచారు. అప్పుడు ఆయన మొహం మీరు చూడాల్సింది.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. "నీ భాష మస్తుగున్నదని మేడం చెప్పింది. గని ఆమె రేపు ఇటలీ పోతది. రోజూ నీ ముంగట కూసునేది నేను."

ఇదేం న్యాయమండీ? ఒక్క క్రియలోనైనా బరువు తప్పానా? సరే, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ భాష నేర్చుకున్నా నెత్తే కొట్టుకుంటాను. నెత్తి కొట్టుకునేవాడి మీద ఈ ఊళ్లో ఎవరికీ కోపం రాదు.