స్కూటరు పట్టని సందు

పొద్దున్నే తడిగుడ్డతో స్కూటరు సీటు తుడవడం ఆయన పని. తుడిచి, కూతుర్ని వెనక ఎక్కించుకుని, స్టేషను ముందు గేటు దగ్గర దింపి వచ్చేవాడు. ఆయన పోయాక ఆ గుడ్డ భార్య చేతికి వచ్చింది. నడిపేవాళ్లు లేని బండిని రోజూ అద్దంలా తుడుస్తుంది. కూతురు చూసీ చూడనట్టు చెప్పులేసుకుని, ఆటో కోసం మలుపు దాకా పరుగెడుతుంది.

ఆటో నిండితే గాని కదలదు. కదిలినా బజారంతా చుట్టబెట్టి ముందు గేటు చేరేసరికి రైలు కాస్తా వెళ్లిపోతుంది. ఆలస్యానికి ఆఫీసులో మాటలు పడీ పడీ, ఒక సాయంత్రం పిల్ల నోరు విప్పింది. ఆఫీసు పక్కనే గది చూసుకుందట.

"నిన్నొదిలి పోవాలని కాదమ్మా. రైల్లో కూర్చుంటే హాయే. ఆ రైలు దాకా పోవడానికే ప్రాణం పోతోంది."

ఆవిడ వద్దనలేదు. కంచంలో చెయ్యి మాత్రం ఆగిపోయింది.

మర్నాడు వాకిలి ఊడుస్తుంటే ఎదురింటి దర్జీ సంచి తగిలించుకుని, స్టేషను దారి వదిలేసి గిడ్డంగి వైపు నడుస్తూ కనిపించాడు. ఆయనదీ అదే రైలు. అటెందుకని అడిగితే, వెనక గేటుకన్నాడు. గిడ్డంగి గోడ పక్కన మనిషి పట్టే సందు ఉందట. చివర నాలుగు మెట్లెక్కితే ప్లాట్‌ఫారమేనట.

"మీకు బండి ఉండేదిగా చెల్లెమ్మా. బండి మీద పోయేవాళ్లకి ఆ సందుతో పనేముంది?" అని నవ్వబోయి, నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ ఆ పగలే వెళ్లి, తన కాళ్లతో ఆ దారి కొలిచి వచ్చింది. సాయంత్రం కూతురికి చెబితే, అంతా విని ఒక్కటే అడిగింది, తిరిగొచ్చేటప్పటికి ఆ సందు చీకటి కాదా అని.

"నేను ఎదురొస్తాగా."

"నీ నడకకా? నువ్వొచ్చేసరికి మర్నాటి రైలు వస్తుంది."

"రానీ. అప్పుడు అదే ఎక్కి పోదువుగాని."

ఆయన పోయాక ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు. గది సంగతి ఓ నెలాగి చూద్దాంలే అంది కూతురు.

తెల్లవారింది. ఆవిడ అలవాటుగా గుడ్డ తడిపింది. గుమ్మంలో కూతురు చెప్పులేసుకుంటోంది. సీటు మీద రాత్రి పడ్డ దుమ్ము పల్చగా ఉంది. ఒక్క క్షణం చూసి, గుడ్డ పిండి తీగ మీద ఆరేసి, తనూ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.