కంటిన్యుటీ కోసం తవ్విన పుట్టలు

మొన్న ఫిల్మ్ నగర్‌లో ఒక మేడమీద గదిలో, గోడలనిండా నల్లటి స్పాంజి అతికించి, నా మూతికి జానెడు దూరంలో మైకు పెట్టి, మా మనవడి ఈడు కుర్రాడొకడు పాడ్‌కాస్టు అని నన్ను ఇంటర్వ్యూ చేశాడు. పాత రోజుల్లో మీ డెడికేషన్ గురించి చెప్పండి సార్ అని వాడు అంత వినయంగా అడిగేసరికి, వయసు మీదపడ్డాక పొగడ్త వింటే ఉబ్బిపోయే జబ్బు నాకూ పట్టుకుంది కాబట్టి, కంటిన్యుటీ కోసం మేం ఒక అడవికి నల్లరంగు కొట్టిన కథ చెప్పాను. ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి ఫోన్లలో వదిలితే జనం ఎగబడి చూశారట. వెంగళరావు నగర్‌లో మా వీధి మందుల షాపతను కూడా నన్ను ఆపి, అప్పటి పనితనమే వేరు సార్ అన్నాడు. పనితనమట, నా మొహం! మేం చేసిన వెధవపనికి ఇన్నేళ్ళ తర్వాత దండలు పడుతున్నాయంటే నిజంగా సిగ్గేసింది. ఆ కథలో సగం నేను మింగేశాను. నా తరంవాళ్ళు మీరు, మీ దగ్గర దాచడమెందుకు, ఆ సగం ఇప్పుడు చెబుతాను.

అప్పుడు నేను అసిస్టెంటు డైరెక్టర్ని. పేరులోనే డైరెక్టరు, చేతిలో ఉన్నది మాత్రం ఒక ఫొటోల ఆల్బమూ ఒక పెన్సిలూను. ఒక సీనులో హీరో ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు, వెనకాల కుర్చీ ఎటు తిరిగి ఉంది అన్నీ ఫొటోలు తీయించి అతికించుకుని, మిగతా సగం ఎప్పుడు తీసినా అచ్చం అలాగే ఉండేట్టు చూడడం నా ఉద్యోగం. దాన్నే కంటిన్యుటీ అంటారు. మా దర్శకుడు గారికి కథ లేకపోయినా ఫరవాలేదు గానీ కంటిన్యుటీ మాత్రం ఉండితీరాలి. ఆ ఎండాకాలం ఆదిలాబాదు వైపు, బస్సు కూడా వెళ్ళని ఒక గూడెం పక్కన గుట్ట మొత్తం తగలబడిపోయిందని పేపర్లో చదివి ఆ మహానుభావుడు చంకలు గుద్దుకున్నాడు, సెట్టు వేసే పని లేకుండా కాలిన అడవి దొరికిందని. ఇంకా పొగ ఆరని ఆ బూడిదలో హీరోని నడిపించి సగం సీను తీశాం. ఇప్పపువ్వూ తునికాకూ మాడిపోయి గూడెం గూడెమంతా దిక్కుతోచక నిలబడి ఉంటే, మేం గొడుగుల కింద క్యారియర్లు విప్పుకుని అన్నంలో బూడిద పడుతోందని విసుక్కున్నాం. మేం మనుషులమేనా అన్న అనుమానం మాలో ఒక్కడికీ రాలేదు.

ఆ బూడిదకి హీరోగారికి జలుబు చేసింది. మామూలు జలుబే, కానీ హీరోగారి జలుబు కదా, యూనిట్ మొత్తం పెట్టే బేడా సర్దుకుని వచ్చేశాం. మళ్ళీ ఆయన డేట్లు దొరికేసరికి వానలు మొదలయ్యాయి. వెళ్ళి చూస్తే మోడులన్నీ చిగురు వేసి, గుట్ట పచ్చగా ఉంది. తనకి చెప్పకుండా అడవి చిగురించడమేమిటన్నట్టు మా దర్శకుడు గారు దానివైపు గుర్రుగా చూసి, నల్లగా చెయ్యమన్నాడు. ఆర్ట్ వాళ్ళు మసీ, ఊకబూడిదా, వాడిపారేసిన ఇంజను ఆయిలూ కలిపి పొద్దస్తమానం ఆ పచ్చదనం మీద చిమ్మారు. పాడ్‌కాస్టులో నేను గొప్పగా చెప్పింది ఇంతవరకే.

మర్నాడు పొద్దున్న గుట్ట వాలులో ఉన్న చెదపుట్టల చుట్టూ, ఆ నల్లరంగును పగలగొట్టుకుని తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. గూడెంవాళ్ళు పుట్టకొక్కులంటారు. పీకినా మళ్ళీ లేస్తాయని తెలిసి, అసలా పుట్టలనే తవ్విపారేయమని దర్శకుడు గారు కేకలేశాడు. హీరోగారు ఆ సాయంత్రమే ఇంకో పిక్చరుకి వెళ్ళిపోవాలి మరి.

ఆ గొడవలో ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. చేతిలో ఆల్బమ్ చూసి నన్నేదో పెద్ద ఆఫీసరనుకుంది, పాపం. ఆవిడ చెబితేనే నాకు తెలిసింది: అక్కడ ఇంటికొక పుట్ట అట, ఒకరి పుట్ట మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరట, ఇనుము తగలనివ్వకుండా వెదురుపుల్లతోనే తీసుకుంటారట. మంట పైపైన పోయింది గానీ కొక్కుల వేరు లోపల చల్లగా బతికే ఉందనీ, ఈ ఏడు ఇంట్లో కూరకైనా, అంగడిలో ఇచ్చి ఉప్పూ నూనే తెచ్చుకోవడానికైనా అడవి మిగిల్చింది ఇదొక్కటేననీ చెప్పింది. ఆల్బమ్ తెరిచి ఉంటే తొంగిచూసి, హీరో భుజం వెనక కనబడుతున్న మూడు పుట్టల్లో మధ్యదాని మీద వేలుపెట్టి, గిది నాదే అని మురిసిపోయింది కూడా.

“రెండు దినాలు ఆగుండ్రి సారూ. కొక్కులు తెంపుకుంటం. పుట్టను మాత్రం తవ్వకుండ్రి, తవ్వితే మల్ల రావు.”

మా కెమెరామన్ ఒక్కడే కాస్త మనిషి. ఎండాకాలం తీసిన షాట్‌లో ఈ పుట్టలు ఉండి ఉంటే ఇప్పుడూ ఉండాలి కదా అని అందరికీ వినబడేట్టు ఒక ధర్మసందేహం లేవదీశాడు. దర్శకుడు గారు నావైపు తిరిగాడు.

“ఏవయ్యా, ఆ రోజు ఫ్రేములో ఈ పుట్టలున్నాయా?”

ఉన్నాయండి అంటే చాలు, ఆ కంటిన్యుటీ పిచ్చే వాటిని కాపాడేది. కానీ ఆయన అప్పటికే తవ్వమనేశాడు, అందరిముందూ ఆయన మాట కాదనాలి. ఆయనేమో నాకు సొంతంగా ఒక సినిమా ఇమ్మని నిర్మాతకు చెబుతానని రెండేళ్ళుగా ఊరిస్తున్నాడు. ఆల్బమ్ మూసేశాను.

“లేవండి.”

అవ్వ నా పక్కనే ఉంది. నా చేతిలోని ఆల్బమ్‌కేసి చూసింది. గడ్డపారలు దిగాయి. మధ్యాహ్నం భోజనాల లోపే ఆ వాలంతా చదునైపోయింది. హీరోగారు దాని మీద మహా విషాదంగా నడిచి కారెక్కాడు.

సినిమా ఆడలేదు, రెండోవారానికే హాళ్ళ నుంచి రీళ్ళ డబ్బాలు తిరిగొచ్చాయి. ఒక షాట్‌లో హీరో వెనక పుట్టలుంటాయి, తరువాతి షాట్‌లో ఉండవు. ఒక్క ప్రేక్షకుడూ పట్టుకోలేదు, అసలు హాల్లో ప్రేక్షకుడంటూ ఉంటే కదా. నాకు సొంత సినిమా వస్తుందన్నది ఎలాగూ గాలికిపోయింది.

మరుసటి వానాకాలం ఇంకెవరి సినిమాకో లొకేషన్లు వెతుకుతూ అటు వెళ్ళినప్పుడు, ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో తెలియదు గానీ, ఆ గూడేనికి వెళ్ళాను. అవ్వ గుర్తుపట్టింది, గుట్ట మీదికి తీసుకెళ్ళింది. అడవి బ్రహ్మాండంగా తేరుకుంది, ఎక్కడ కాలిందో చెప్పడం కష్టం. మేం తవ్విన వాలులో మాత్రం గడ్డే ఉంది. నేను నేల చూపులు చూస్తూ నిలబడితే, ఆవిడే అడిగింది.

“మీ సినిమా మంచిగ ఆడిందా బిడ్డా?”

ఎత్తిపొడుపేమో అని ఆవిడ మొహం చూశాను. కాదు, నిజంగానే అడిగింది. బాగా ఆడిందవ్వా, జనం విరగబడి చూశారు అన్నాను.

“గట్లనన్న అయింది. నా పుట్ట ఊకెనే పోలేదన్నట్టు.”

ఇప్పుడు ఏసీ గదుల్లో కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని అడవిని తగలబెడతారు, సాయంత్రానికి మళ్ళీ చిగురింపజేస్తారు, ఏ పుట్టకూ గడ్డపార తగలదు. మంచిదే. జూబ్లీహిల్స్ క్లబ్బుల్లో నా ఈడువాళ్ళు చేరి మా రోజులే రోజులు అని నిట్టూరుస్తుంటే మునుపు నేనూ వంత పాడేవాణ్ణి, ఇప్పుడు లేచి వచ్చేస్తున్నాను. ఆ సినిమా పోయిందవ్వా, నీ పుట్ట ఊరికేనే పోయింది, పోగొట్టింది నేనే అని చెప్పే ధైర్యం నాకు ఇన్నాళ్ళకు వచ్చింది. అప్పటికే ముసలావిడ, ఇంకెక్కడ ఉంటుంది.