లైను పీకినా ఆగని వరద

చిక్కడపల్లి బాలకిషన్‌కు ఒక్కటే గర్వం: తన కన్నుగప్పి ఏ దొంగా పోలేడని. నారాయణగూడలో ఓ చిన్న ఇంటర్నెట్ కంపెనీలో అతను ఉద్యోగి. తీగల మీద వచ్చిపోయే సమాచారానికి కాపలా కాయడం అతని పని. 1999లో, వేగమైన కొత్త లైను పడిన ఏడాది, ఆ గర్వం కొంప ముంచింది. తనది కాదు, ఇంకొకరిది.

ఎవడో పాపిష్టివాడు పనికిరాని ప్యాకెట్లు, అంటే సమాచారపు తునకలు, కంపెనీ తీగల మీదికి వరదలా వదిలాడు. ఒక్క పేజీ తెరుచుకుంటే ఒట్టు! ఫోన్ ఎత్తితే తిట్లు. తిట్టకుండా, "అన్నా, మా లైను జర చూడవా?" అని బతిమాలిన గొంతు ఒక్కటే. అదెవరో అడిగే తీరికైనా లేదు.

యజమాని గోవర్ధన్ నెత్తినెక్కి కూర్చున్నాడు. "ఎవడు చేస్తున్నడో పేరు చెప్పవయ్యా, పేరు! లేకుంటే దుకాణం బంద్ అయితది."

నిజానికి ఏ తీగ మీంచి పోటెత్తుతోందో ఒక్కొక్కటే చూసుకుంటూ వెనక్కి పోవాలి. బాలకిషన్‌కు అంత ఓపికేదీ? ప్రతి ప్యాకెట్ మీదా పంపినవారి చిరునామా ఉండనే ఉంది. అది అశోక్‌నగర్‌లో హాస్టల్ పిల్లల కోసం సంధ్య నడిపే ఇంటర్నెట్ సెంటర్‌ది. వేలెత్తి చూపించాడు. గోవర్ధన్ వెంటనే ఆమె లైను పీకించాడు. అంతటితో ఊరుకున్నాడా? కిరాయిదారు దొంగపనులు చేస్తోందని ఇంటి ఓనరుకూ ఫోన్ కొట్టాడు.

బాలకిషన్ మళ్లీ తెర చూశాడు. వరద తగ్గలేదు. ఇంకా సంధ్య చిరునామాతోనే వస్తోంది. లైనే లేని చోటు నుంచి ఎలా వస్తుంది, ఖర్మ కాకపోతే! అప్పుడు కూర్చుని తీగ తీగా వెతికాడు. వచ్చేదంతా ఊరి బయటి నుంచే. ఎవడో ఆమె చిరునామా దొంగిలించి, ఆమె పేరుతో కంపెనీ యంత్రాలను పలకరిస్తుంటే, అవన్నీ జవాబులు ఆమె మీదే కుమ్మరించాయి. కొట్టింది ఆమె కాదు, దెబ్బలు తిన్నది ఆమె.

అశోక్‌నగర్‌కు పరుగెత్తాడు. అప్పటికే కంప్యూటర్లు ఆటో ట్రాలీకి ఎక్కుతున్నాయి.

"తప్పయింది అక్కా. ఓనరుకు నేను చెప్త."

"ఏం జెప్తవ్? ఖాళీ చెయ్యమన్నడు. దొంగదని గల్లీ మొత్తం అంటున్నది. ఇగ నా సెంటర్‌కు ఎవరొస్తరన్నా?" సంధ్య కళ్లు తుడుచుకోలేదు. "లైను జర చూడుమని మొదలు నీకు ఫోన్ చేసింది నేనే గద."

కింద మిగిలిన మానిటరును బాలకిషనే ఎత్తి ట్రాలీలో పెట్టాడు.