ఆయమ్మ నాలుగో టేకు

మాట్లాడే హక్కు మీద విద్యార్థులకు వీడియో పోటీ అని సర్క్యులర్ వచ్చిన రోజు, మా స్టాఫ్‌రూంలో అందరికీ ఉన్నట్టుండి నోటుబుక్కులు దిద్దే పని గుర్తొచ్చింది. సోషల్ చెప్పేది నేను కాబట్టి అది నా నెత్తిన పడింది. పైకి విసుక్కున్నాను గానీ లోపల సంతోషమే. హక్కుల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు సికింద్రాబాద్‌లో లేరన్నంత పొగరు ఉండేది నాకు.

వీడియో మూడు నిమిషాలు దాటకూడదు. శనివారం సాయంత్రం ఐదింటిలోపు పంపాలి. ఫారం మీద స్కూలు కరస్పాండెంట్ సంతకం ఉండాలి. తొమ్మిదో తరగతి పిల్లలు జెండాలు పట్టుకుందామా, పాట పాడదామా అని కొట్టుకుంటుంటే ఒక అమ్మాయి లేచింది.

"టీచర్, నేను మా అమ్మీతోని మాట్లాడిస్త."

వాళ్లమ్మ మా స్కూల్లోనే ఆయా. బోయిగూడ నుంచి వస్తుంది, పదకొండేళ్లుగా చేస్తోంది. మా స్కూల్లో ఆయాలు డ్యూటీలో కూర్చోకూడదు. ఆ రూలు ఎవరు పెట్టారో, ఎక్కడ రాసి ఉందో నాకు తెలియదు. వరండాలో కూర్చుని కరస్పాండెంట్ గారి కంట పడ్డందుకు నిరుడు ఒకామె పని పోయిన సంగతి మాత్రం అందరికీ తెలుసు.

గురువారం బడి వదిలాక ఖాళీ క్లాసురూంలో షూటింగు పెట్టాం. అమ్మాయి ఫోను పట్టుకుంది. ఆయమ్మ బ్లాక్‌బోర్డుకు ఆనుకుని నిలబడి, కొంగు సర్దుకుని, ఒక్క గుక్కలో చెప్పేసింది.

"పొద్దుగాల ఎనిమిదింటికెల్లి నాలుగింటి దాంక నిలవడే ఉంట. మోకాళ్లు గుంజుతయి. ఇంటికి పోయి మెట్లెక్కాలంటే తక్లీఫ్ అయితది. ఒక స్టూల్ ఏస్తే జెర కూసుంట. గంతే."

ఇది కరస్పాండెంట్ గారు చూస్తే సోమవారం ఈమె గేటు బయట ఉంటుంది. "ఆగాగు" అన్నాను గట్టిగా.

మాది కోస్తా నుంచి వచ్చి మౌలాలిలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పడం నాకు ఏడేళ్లకే నేర్పారు. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. ముందు కష్టం చెప్పాలి, తర్వాత దేవుడు చేసిన మేలు చెప్పాలి, చివర స్తోత్రం. కష్టం దగ్గరే ఆగిపోతే మా అమ్మ పక్కనుంచి తొడ గిల్లేది. మా పిన్ని తన బిడ్డ చనిపోయిన నెలకే లేచి, వెక్కుతూనే ఆ వరస మొత్తం పూర్తిచేసి కూర్చుంది. ఎంత విశ్వాసమో అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టని సంగతి చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ఆ వరసనే తెచ్చి ఈ ఆయమ్మ నోట్లో పెట్టాను.

"చివర్లో, 'అయినా మేనేజ్‌మెంట్ వారు నన్ను ఇంటిమనిషిలా చూసుకుంటున్నారు, వారికి నా కృతజ్ఞతలు' అనమ్మా."

"గట్లెందుకు మేడం?"

"వినేవాళ్లకు బాగుంటుంది. నీకూ మంచిది."

రెండో టేకులో మర్చిపోయింది. మూడో టేకులో 'కృతజ్ఞతలు' నోరు తిరగక 'శుక్రియా' అంది. నేను నవ్వి మళ్లీ చెప్పించాను. నాలుగోది తు.చ. తప్పకుండా వచ్చింది. "ఇదే పెట్టు" అన్నాను అమ్మాయితో. ఆ పిల్ల తల ఊపలేదు. పొద్దుపోతోందని నేనూ రెట్టించలేదు.

శనివారం నాలుగింటికి కరస్పాండెంట్ గారి గదిలో నేను, లాప్‌టాప్‌తో ఆ అమ్మాయి. ఆయమ్మ టీ తెచ్చి తలుపు దగ్గరే నిలబడింది. వీడియో మొదలైంది. మొదటి టేకు వచ్చింది, స్టూలు మాటతో సహా. వెంటనే "ఆగాగు" అని నా గొంతు. తర్వాత రెండోది, మళ్లీ నా గొంతు. మూడోది, నా నవ్వు. చివరికి నాలుగోది. నాలుగూ వరసగా పెట్టేసింది, ఒక్క ముక్క తీయకుండా. మాట్లాడే హక్కు మీద వీడియోలో నోరు నొక్కుతున్న మనిషిని నేనే.

ఆయన పెన్ను మూత తీయలేదు.

"ఆ గొంతు ఎవరిది?"

అబద్ధమాడాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"నాదే సర్. మొదటిది ఆమె మాట. మిగతావి నేను చెప్పించినవి."

"అయితే ఆ మొదటిది తీసెయ్యండి. చివరిది ఉంచండి. ఇప్పుడే సంతకం పెడతాను. లేదంటే ఈ ఆయమ్మ విషయం నేను ఆలోచించాల్సి వస్తుంది."

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఆ చివరి టేకు ఒక్కటే ఎక్కడో పెద్ద తెర మీద ఆడుతుందని తలచుకుంటే నాకు ఒళ్లు మండింది. కృతజ్ఞతలట!

"ముక్కలు చేసి పంపను సర్. అసలు పోటీకే పంపం. కానీ ఆమె జోలికి మాత్రం రావద్దు. ఆ మాటివ్వండి."

ఆయన "సరే, ఇంతటితో వదిలేద్దాం" అన్నారు. ఫారం మడిచి సొరుగులో పెట్టేశారు.

బయటికొచ్చేసరికి లోపల గర్వంగా ఉంది, దాచుకోను. పోటీ పోతే పోయింది, ఒక మనిషి కూడు నిలబెట్టాననుకున్నాను. ఆయమ్మ ఖాళీ కప్పుల ట్రేతో మా వెనకే వచ్చింది.

"భయపడకు, నీ ఉద్యోగానికి ఏం కాదు" అన్నాను.

"భయం గిట్ల ఏం లేదు మేడం. నౌకరి పోతదని ఎర్కే నాకు. నిన్న రాత్రి బిడ్డ అడిగింది, అమ్మీ, గిట్ల పెడితే పరేషాన్ అయితవేమో, పెట్టాల్నా వద్దా అని. పెట్టమన్న. పోతే ఇంకో స్కూల్ల చూసుకుందాం అనుకున్నం." ట్రే ఇంకో చేతికి మార్చుకుంది. "సార్ ముందల మీరు మంచిగనే మాట్లాడిండ్రు. నేను తలుపు కాడ్నే ఉంటి గదా మేడం. ఒక్క మాట నన్ను అడగకపోతిరి."

వాచీ చూసుకున్నాను. ఐదు కావడానికి ఇంకా పావుగంట ఉంది.

"ఇప్పుడు అడుగుతున్నానమ్మా. చెప్పు, ఏం చేద్దాం?"

ఆమె కూతురి వైపు చూసింది. ఆ పిల్ల లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంటోంది.

"ఇప్పుడు అడిగితే ఏం ఫాయిదా మేడం" అంది. "వీడియో పంపేది లేదని నా తరఫున మాటిచ్చి వస్తిరి గదా."