మేస్త్రీకి పెట్టని బట్టలు

మా చిన్నప్పుడు పది రోజులు మా ఇంట్లో బాత్‌రూమ్ లేదు...

నవ్వకండి. నాన్న ఈ దేశం వచ్చి, రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ల విభాగంలో చేరిన కొత్తలు. సాఫ్ట్‌వేర్ అనే మాట వింటే చాలు, జనం కుర్చీ వేసే రోజులవి. ఆ ఊపులో బుకిట్ పంజాంగ్‌లో ఒక పాత ఫ్లాట్ కొని, అందులో ఉన్నదంతా పగలగొట్టించడం మొదలుపెట్టాడు. అద్దె ఇల్లు ఖాళీ చేసేశాం కాబట్టి మేం ముగ్గురం ఆ దుమ్ములోనే, ఒక గదిలో సర్దుకున్నాం. బాత్‌రూమ్ అవసరం పడితే కింద కాఫీ షాపుకి పరుగు!

ఒకరోజు గోడ కొడితే పైపు పగిలేది. మర్నాడు తెల్ల టైల్స్ బదులు గులాబీ రంగువి దిగేవి. ఆ మర్నాడు కింది అంతస్తు చైనీస్ ఆంటీ చీపురుతో సహా పైకొచ్చేది. రైస్ కుక్కర్ మూత తీస్తే అన్నం మీద సిమెంటు పొడి... అమ్మ మంచం మీద కూర్చుని ఏడ్చేది, నన్ను తిట్టేది.

అలా తిడుతుండగానే గుమ్మంలోంచి ఒక గొంతు.

"తెలుగోలేటమ్మా! మాది సీకాకులం పక్కనండి. పిల్లనేటీ అనకండి, ఈ దుమ్ములో ఎవులికైనా సిరాకే."

టైల్స్ వేయడానికొచ్చిన మేస్త్రీ. పేరు సింహాచలం. నాన్నకన్నా పెద్దవాడు. ఆ పూట నుంచి అమ్మకి ఆయన అన్నయ్య, నాకు మామయ్య. మేం వండుకున్న పప్పే ఆయనకీ పెట్టేది అమ్మ. తిన్న కంచం తనే కడిగి బోర్లించేవాడు. నేను స్కూలు నుంచి రాగానే విరిగిన టైలు ముక్కలు నున్నగా అరగదీసి ఇచ్చేవాడు, తొక్కుడు బిళ్ల ఆడుకోమని.

ఫ్లాట్‌లో అన్నీ ఉన్నాయి కానీ పసుపు రాయడానికి గడప లేదని అమ్మ దిగులు. మామయ్య విన్నాడు. పారేసిన పాత తలుపు చెక్కని భోజనాల వేళ చిత్రిక పట్టి, వంటింటి గుమ్మానికి బిగించాడు.

"గడప నేని కొంపేటమ్మా," అన్నాడు, చేతులు దులుపుకుంటూ.

అమ్మ సంబరం చూడాలి! "అన్నయ్యా, ఆదివారం గృహప్రవేశానికి తప్పకుండా రావాలి. మేస్త్రీకి బట్టలు పెట్టకుండా మా వైపు కొత్తింట్లో భోజనాలు వడ్డించరు," అంది.

ఆయన గడప మీది పొట్టు అరచేత్తో తుడిచాడు. "ఈ దేశం ఒచ్చి ఏడేళ్లమ్మా. ఎన్ని కొంపలకి రాళ్లేసినానో నెక్క నేదు. బట్టలెట్టినోలు ఒక్కలూ నేరు. ఒస్తాను, తప్పకండా ఒస్తాను."

అమ్మ లిటిల్ ఇండియా వెళ్లి పంచె, కండువా కొని, పసుపు బొట్లు పెట్టి, తమలపాకులతో పళ్లెంలో సర్ది ఉంచింది.

ఆదివారం పాలు పొంగాయి. నాన్న ఆఫీసువాళ్లు వచ్చారు, ఆయన మేనేజరూ ఆవిడా వచ్చారు, నా క్లాసు పిల్లలు ఇద్దరు వచ్చారు. మామయ్య కూడా వచ్చాడు... ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తలకి నూనె. చేతులు ఎంత తోముకున్నాడో గానీ గోళ్లలో సిమెంటు అలాగే ఉంది. గోడ వారగా చాప మీద ఒద్దికగా కూర్చున్నాడు.

మేనేజరుగారి ఆవిడ నన్ను పిలిచి, చాప వైపు చూపిస్తూ అడిగింది. "మీ మామయ్యా? ఎక్కడ వర్క్ చేస్తారు?"

నా క్లాసు పిల్లలు చూస్తున్నారు. నాకు ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. మా స్కూలు యాస ఇంగ్లీషులోకి దిగాను.

"మామయ్యా? నో లా ఆంటీ! హీ ఈజ్ అవర్ టైల్ మ్యాన్."

తొమ్మిదేళ్లు నాకు. ఆయనకి వినపడేలా అన్నాను. కావాలనే అన్నాను.

ఆవిడ కుచ్చిళ్లు ఇటు లాక్కుని నవ్వింది. "ఓహ్, లేబర్‌ని కూడా పిలిచారా? సో స్వీట్!"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "ఏందయ్యా సింహాచలం, ఇక్కడ కూర్చున్నావ్? బాత్‌రూమ్‌లో నీళ్లు నిలబడుతున్నయ్, పోయి చూడు."

నీళ్లేమీ నిలబడటం లేదు. పొద్దున్న అక్కడే స్నానం చేశాను, నాకు తెలుసు. నీళ్లు పోయేలా ఆ నేలకి వాలు పెట్టినవాడు ఆయనే కాబట్టి ఆయనకి ఇంకా బాగా తెలుసు. అయినా లేచి, తెల్ల చొక్కా చేతులు మడుచుకుని, ప్యాంటు పైకి మడిచి లోపలికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ పళ్లెంతో వచ్చింది. చాప ఖాళీగా ఉంది. నాన్న కళ్లతోనే మేనేజరుని చూపించాడు. ఆయనకి పెట్టడానికి మేం ఏమీ తేలేదు మరి! అమ్మ ఆ కొత్త గడప దగ్గరే ఒక్క క్షణం ఆగింది. తర్వాత నడిచి వెళ్లి, ఆ పంచె, కండువా మేనేజరు చేతుల్లో పెట్టింది.

మామయ్య తడి చేతులతో బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"నీల్లు బాగానే పోతన్నాయమ్మా. మరొస్తాను," అన్నాడు.

అన్నం తిని వెళ్లమని అమ్మ అనలేదు. నేనూ అనలేదు. మేనేజరుగారు పంచె కట్టే మనిషి కాదనుకుంటా, ఆ బట్టలు మా చెప్పుల స్టాండు మీదే వదిలేసి వెళ్లారు. మర్నాడే అమ్మ కాంట్రాక్టరుకి ఫోన్ చేసింది. సింహాచలం వేరే సైటుకి మారాడు, ఎక్కడో తెలీదన్నాడు.

ఇరవై ఏళ్లు దాటిపోయింది. పక్కింట్లో టైల్స్ రెండుసార్లు పైకి లేచాయి. మావి ఒక్కటీ కదల్లేదు. "అప్పట్లో దగ్గరుండి చేయించాను," అని నాన్న వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. ఒక్కటైనా లేస్తే బాగుండు, ఆయన్ని వెతకడానికి ఒక సాకైనా దొరికేది అనుకుంటాను నేను.

మొన్న సెంగ్‌కాంగ్‌లో నేను కొనుక్కున్న ఫ్లాట్ బాగు చేయించుకున్నాను. డిజైనరు రోజూ ఫోన్‌లో ఫొటోలు పంపాడు, చివర్లో తాళం ఇచ్చాడు. టైల్స్ వేసినవాళ్ల ముఖాలే చూడలేదు... చాపకి చోటు లేదు, అవమానించే శ్రమా లేదు.

మీ ఇంటికి రాయి వేసిన మనిషి పేరు మీకు గుర్తుందా? ఆయనకి బట్టలు పెట్టినవాళ్లు ఉంటే కింద రాయండి, చదవాలనుంది. మా పంచె, కండువా అమ్మ బీరువాలోనే ఉన్నాయి... పసుపు బొట్లు చెరిగిపోయాయి గానీ, మడత ఇంకా విప్పలేదు.