ఫాదర్ యువరాజ్‌కు అందవలసిన జవాబు

పొద్దున్నే పూలమ్మే అంజినమ్మ వీధి మలుపు తిరిగేసరికి, నాగేంద్రమ్మ అరుగు మీద పీట వేసి కాచుకుని ఉండేది. బుట్ట దించిన మనిషికి ముందు కాఫీ ఇచ్చేది, ఆపైన తాను చదివిన మంచి మాట ఒకటి చెప్పేది. ఆ తర్వాతే దేవుడికి పూలు తీసుకునేది. "నీ తత్వం అయ్యేలోపల నా మల్లెలు వాడిపోతాయి టీచరమ్మా" అని అంజినమ్మ దెప్పేది గానీ, ఏనాడూ మధ్యలో లేచిపోలేదు.

ధర్మవరం బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక నాగేంద్రమ్మ హిందూపురం వచ్చేసింది. ఆమె దగ్గర చదువుకున్న కనగానపల్లి పిల్లవాడు యువరాజ్ పెనుకొండ చర్చిలో ఫాదర్ అయ్యాడు. ఈమె తులసికోట ఈమెది, ఆయన సిలువ ఆయనది. అయినా ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి.

ఆయన ఒకసారి తాను చదివిన సంగతి రాశాడు. పదహారు వందల ఏళ్ళ కిందట అలెగ్జాండ్రియా పట్నంలో హైపేషియా అనే ఆవిడ తత్వశాస్త్రం చెప్పేదట. ఆమె శిష్యుడు సినీషియస్ బిషప్ అయ్యాడు. కన్నబిడ్డల్ని పోగొట్టుకుని, మంచాన పడి, ఆమెనే అమ్మా, అక్కా, గురువా అని పిలుస్తూ ఉత్తరం రాయించాడు. సినీషియస్ ఉత్తరాలు మిగిలాయి. ఆమె జవాబు ఒక్కటీ మనదాకా రాలేదు. అరుగు మీద ఇది విన్న అంజినమ్మ కడుతున్న పూలదండ పక్కన పెట్టేసింది.

పోయిన వానాకాలంలో ఫాదర్‌కు గొంతులో పుండు లేచింది. ఆపరేషన్‌తో మాట పోయింది. ఇక లాభం లేదని పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపేశాక, నాగేంద్రమ్మకు నాలుగు ముక్కలు రాశాడు. నొప్పి పట్టినప్పుడు ప్రార్థన మీద మనసు నిలవడం లేదట. దేవుణ్ణి మరిచిపోతున్నానేమో, అది తప్పేనా అమ్మా అని అడిగాడు. జవాబు చూసుకుని కళ్ళు మూసుకుంటానన్నాడు.

చదవగానే ఏం రాయాలో ఆమెకు తోచింది. కానీ ఆ మధ్యాహ్నమే మడకశిరలో ఆమె బావగారు పోయారు. ఇంటికి మైల వచ్చింది. దీపం లేదు, పూజ లేదు. మైల చేత్తో జబ్బు మనిషికి ఏదీ పంపకూడదని చిన్ననాటి నుంచి ఆమె నమ్మకం.

పూలు అక్కర్లేకపోయినా అంజినమ్మ రోజూ గేటు దగ్గర నిలబడి పలకరించి పోయేది. ఉత్తరం సంగతి, జవాబు ఆగిన సంగతి విని ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"దేవుని మనిషికి మైల యాడిదమ్మా? రాసి పంపీ."

"ఆయనకు లేదులే. నాకుండాది కదా. నా కీడు ఆయనకు తగిలితే?"

పెద్దకర్మ అయింది. తలస్నానం చేసి, దీపం పెట్టి, జవాబు రాసింది. పోస్టులో వేస్తే ఆలస్యమని తానే బస్సెక్కి పెనుకొండ పోయింది.

చర్చి గేటు దగ్గర వంటమనిషి లక్ష్మన్న ఆమెను గుర్తుపట్టాడు. ముందు కుర్చీ తెచ్చి వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. ఆమె తాగినాక చెప్పాడు.

"మొన్న సమాధి చేసినాము టీచరమ్మా. పోస్టాయన సైకిల్ చప్పుడైతే చాలు, పోయి చూడమని నాకు చెయ్యి చూపుతాండె."

నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి, ఆయన్ను యాడ పెట్టినారని అడిగింది. లక్ష్మన్న ఆమె చెయ్యి పట్టుకుని, గతుకులు చూపిస్తూ, పచ్చిమట్టి దిబ్బ దాకా నడిపించాడు.

చదివి వినిపించాలని ఆమె కాగితం విప్పింది. అందులో రాసింది ఇదే: "తప్పు కాదు నాయనా. నొప్పితో ఏడ్చే బిడ్డకు అమ్మ గుర్తుండదు. అయినా ఉండేది అమ్మ ఒళ్ళోనే." మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టబోయింది, మాట రాలేదు.

కాగితం లక్ష్మన్న చేతికిచ్చింది. తనకు చదువు అంతంత మాత్రమేనని అతను వెనకాడాడు.

"కూడబలుక్కునైనా చదువు నాయనా" అంది. "ఈ ఒక్క ముక్క ఆయన చెవిన వెయ్యి."