టీచరమ్మ పదేళ్ల లెక్క

మా వీధి లెక్కల టీచరమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున పాల పాకెట్లు వేసే అతను గేటు దగ్గరే నిలబడి, "తాతా, టీచరమ్మ పోయిందంట. నిద్రల్నే" అన్నాడు. నా పాకెట్లు నా చేతిలో పెట్టాడు. ఆమె కోసం తెచ్చిన అర లీటరు ఏం చేయాలో తోచక అది కూడా నాకే ఇచ్చి సైకిలు ఎక్కి పోయాడు.

ఆమె తెనాలి దిక్కు మనిషి. సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. భర్త పోయాక తూంకుంటలో, మా తోటను ఆనుకుని లేచిన కాలనీలో చిన్న ఇల్లు కట్టుకుంది. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ని. పేపరు చదువుతాను, ఉత్తరం రాస్తాను, అంతకు మించి చదువు లేదు. షామీర్‌పేట రోడ్డు మీద మూడెకరాల ద్రాక్షతోట ఉండేది, అదే నా చదువు. అయినా పదిహేనేళ్లు ఆమె చెప్పిన లెక్కలు విన్నాను. విన్నాను అంటున్నాను. చేశాను అనడం లేదు.

ఆమెను మొదట చూసింది తోటలోనే. సిటీ నుంచి ఒకడు నా తోటను ఐదేళ్లకు గుత్తకు తీసుకుంటానని వచ్చాడు. అంతకుముందు ఏడాది రాళ్ల వాన పడి పందిరి మీద గుత్తి మిగల్లేదు. అది పట్టుకుని వాడు ధర కోస్తున్నాడు. "నిరుడు నీ తోటల ఏం ఎల్లింది పటేలా? గా లెక్కన ఇస్త" అన్నాడు. నాకు మండింది.

"నిరుడొక్కటే చూస్తవా? పదేండ్లు చూడు. ఐదేండ్లు మంచిగ కాస్తది. రెండేండ్లు రాళ్లు వడ్తయ్. రెండేండ్లు బూజు వడ్తది. ఒక ఏడు నీళ్లే ఉండయ్. గియన్ని కలిపి పదితోని భాగిస్తే వచ్చేది తోట. నువ్వు చూసేది తోట గాదు, నిరుడు!"

గుత్తదారు పోయాడు. పళ్లు కొనడానికి వచ్చి పక్కన నిలబడిన ఆమె మాత్రం నవ్వుతోంది. "అన్నయ్యగారూ, మీరిప్పుడు చెప్పిందే నేను రోజూ ఇంట్లో కూర్చుని చేస్తున్నానండీ. తోటలకు కాదు, కంపెనీలకు" అంది.

"షేర్లా? టీచరమ్మవై జూదమాడ్తున్నవా?" అన్నాను.

"మీరు వానను నమ్ముకుని తోట పెట్టారుగా. అదేంటి మరి?"

వేరే ఎవరన్నా ఆ మాట అంటే గేటు చూపించేవాణ్ని. ఆమెకు రెండు కిలోలు తూచి ఇచ్చాను.

అట్లా మొదలైంది. ఆమె దగ్గర పెద్ద డబ్బు లేదు, పింఛనే. నచ్చిన కంపెనీలో ఒక్క షేరు కొనేది. ఒక్క షేరున్నా సరే, కంపెనీ వాళ్లు ఏటా లెక్కల పుస్తకం పోస్టులో పంపాలట. ఆ పుస్తకాల కోసం కొనేది. మంచం కింద ఏడు ప్రకారం పేర్చి పెట్టుకునేది. ఎప్పటివో పరీక్ష పేపర్లు ఉండేవి, వాటి వెనక తెల్లగా ఉన్న వైపు పెన్సిల్‌తో లెక్క చేసేది. రబ్బరుతో చెరిపి, ఆ పొట్టును అరచేత్తో మెల్లగా పక్కకు తోసేది. ఎన్నిసార్లు చూశానో ఆ చెయ్యి.

లెక్క ఇది. ఒక షేరుకు కంపెనీ ఈ ఏడు ఎంత లాభం తెచ్చిందని చూడదు. పదేళ్ల లాభం రాస్తుంది. పాత ఏళ్ల లాభాన్ని ఇప్పటి రూపాయిల్లోకి మారుస్తుంది. కలిపి పదితో భాగిస్తుంది. అమ్మే ధర ఆ సగటుకు ఎన్ని రెట్లో చూస్తుంది. పదిహేను రెట్ల లోపు అయితే చవక అనేది. ఇరవై ఐదు దాటితే పెన్సిల్ కింద పెట్టేసేది.

పాత రూపాయిని ఎందుకు మార్చాలో నాకు ముందు ఎక్కలేదు. ఆమె అడిగింది: "మీ పెళ్లినాటికి ఇక్కడి నుంచి సికింద్రాబాదుకు బస్సు టికెట్టు ఎంత?"

"రూపాయిన్నర ఉండె."

"ఇప్పుడు?"

"తొమ్మిది."

"దూరమేమన్నా పెరిగిందా?"

"దూరం గట్లనే ఉన్నది. కండక్టరు బొజ్జ వెరిగింది."

ఆమె నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అంతేనండీ. దూరం అదే, రూపాయే చిక్కిపోయింది. పాత రూపాయిని కొత్త రూపాయి పక్కన అట్లాగే కూర్చోబెట్టకూడదు" అంది. ఆ తర్వాత నా మాటలు ఆమె కాగితాల్లోకి ఎక్కాయి. కంపెనీకి నష్టం వచ్చిన ఏడు పక్కన 'రాళ్ల ఏడు' అని రాసుకునేది. లాభం విరగకాసిన ఏడు చుట్టూ సున్నా చుట్టి 'కాపు ఏడు' అని రాసేది. ఐదో తరగతి మనిషి మాట ఒక టీచరమ్మ కాగితం మీద ఉంటే ఎవడికైనా గర్వంగానే ఉంటుంది. నాకు ఉండింది.

తర్వాత బోర్లు ఎండాయి. ఎనిమిది వందల అడుగులు దించినా దుమ్మే లేచింది. పందిరి రాతి కడీలు పీకించి, తోటను ప్లాట్లు చేసేవాళ్లకు అమ్మాను. అమ్మింది కూర్చుని తినడానికి కాదు. నీళ్లున్న రావల్కోల్ దిక్కు రెండెకరాలు కొని మళ్లీ సేద్యం చేయాలని. ఎవరన్నా పటేలా అని పిలిస్తే పలకడానికి నా కాళ్ల కింద నేల ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

రావల్కోల్ రైతు అడిగిన ధర ఎక్కువనిపించింది. ఆగితే దిగుతుందనుకున్నాను. అది నా తెలివి. దిగలేదు. రెండెకరాలు వచ్చే డబ్బుకు ఏడాదిలో ఎకరమే రాసాగింది. డబ్బు పెంచక తప్పదని టీచరమ్మను అడిగితే, "ఇప్పుడు అన్నీ ముప్పై రెట్లు, నలభై రెట్లు ఉన్నాయి అన్నయ్యగారూ. బ్యాంకులో వేసుకుని ఆగండి" అంది. ఆగాను. రెండేళ్లు ఆగాను. షేర్లు పెరిగాయి, భూములు ఇంకా పెరిగాయి, బ్యాంకులో నా డబ్బు కదలకుండా పడుకుంది. మేడ్చల్ హోటల్లో చాయ్ తాగుతుంటే మావాళ్లు నా మొహం మీదే నవ్వారు. "ఏంది పటేలా, మల్ల బడికి పోతున్నవట? టీచరమ్మ ఎక్కాలు సదివిస్తుందట?"

ఇంటికి వచ్చి ఆమెను నిలదీశాను. "షేర్ల ధర ఎప్పుడు వడ్తది మరి? తారీఖు చెప్పు."

"ఎప్పుడు పడుతుందో నాకు తెలీదండీ. ఎంత ఎక్కువ పెడుతున్నామో మాత్రం తెలుసు" అంది.

అప్పుడు షేర్ల ఏజెంటు ఒక సిమెంటు కంపెనీ పట్టుకొచ్చాడు. షేరు నాలుగు వందలు. ఆ ఏడు లాభం షేరుకు యాభై. "ఎనిమిది రెట్లే పటేలా, మస్తు చవుక. మల్ల దొరకది" అన్నాడు. రోజూ నా కళ్ల ముందే ఆ సిమెంటు లారీలు కొత్త ఇళ్లకు వరస కట్టి పోతున్నాయి. నమ్మకపోవడానికి ఏముంది? ఆమెకు చెప్పాను. మంచం కింద నుంచి పుస్తకాలు తీసింది. సాయంత్రం దాకా లెక్క చేసి కాగితం నా ముందు పెట్టింది. పదేళ్లలో నాలుగు రాళ్ల ఏళ్లున్నాయి. సగటు పదమూడు రూపాయలు.

"ఎనిమిది కాదండీ, ముప్పై రెట్లు. ఇది కాపు ఏడు. మీరు చూస్తున్నది తోట కాదు, ఈ ఏడు."

నా మాటే నాకు తిప్పి చెప్పింది. అది తట్టుకోలేకపోయాను. "నెలనెలా జీతం తిన్నదానివి, నీకేం ఎరుక? రెండేండ్లు నీ మాట ఇని నా భూమి వోగొట్టుకున్న. ఇగ సాలు నీ లెక్కలు!" అని అరిచాను. పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూశారు. ఆమె కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. "కాఫీ తాగి వెళ్లండి" అంది. నేను తాగలేదు.

ఉన్నదంతా పెట్టి కొన్నాను. మూడు నెలల్లో నాలుగు వందల యాభై అయింది. రోజూ ఆమె గేటు ముందు నుంచి కావాలని మెల్లగా నడిచాను. ఆ నడక గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

ఆ తర్వాత పడింది. మూడు వందలు, రెండు వందలు, నూట యాభై. మా ఇంటామె నాతో మాట్లాడడం మానేసింది. ఒకరోజు పొద్దున మేడ్చల్‌లో ఏజెంటు దుకాణానికి పోయి, నూట ఇరవైకి మొత్తం అమ్మి సంతకం పెట్టాను. బస్సు దిగి వస్తుంటే మధ్యాహ్నం ఎండలో టీచరమ్మ మా గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో కాగితం. ఆయాసపడుతోంది. ఏడాది తర్వాత మా ఇంటి ముందుకు రావడం అదే.

"అన్నయ్యగారూ, అమ్మకండి! పొద్దున్నుంచీ చేశాను. ఇంకో కాపు ఏడు కలిసింది కాబట్టి సగటు పదిహేనైంది. ధర నూట ఇరవై. ఎనిమిది రెట్లు. ఏజెంటు చెప్పిన ఎనిమిది కాదు, ఇది అసలు ఎనిమిది. ఇప్పుడు కొనాలి. అమ్మలేదు కదా?"

నా జేబులో అమ్మిన రసీదు ఉంది. "అమ్మలే. ఎందుకమ్ముత? నేనేమన్న పిచ్చోణ్నా?" అన్నాను.

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని మా అరుగు మీద కూర్చుండిపోయింది. "బతికించారు" అంది.

చదివేవాళ్లకు ఇది చెప్పాలనే ఇంత రాస్తున్నాను. నేను మొండివాణ్ని, నోరు చెడ్డవాణ్ని. అబద్ధాలకోరును మాత్రం కాను. ఆ ఒక్కటి ఆడాను. ఆ ఒక్కదాన్ని నిలబెట్టడానికి ఎన్ని ఆడానో లెక్క లేదు. మిగిలిన డబ్బు మా ఇంటామె కంటి ఆపరేషన్‌కు, ఇంటి రిపేరుకు పోయింది. టీచరమ్మ ప్రతి ఆదివారం పిలిచి నా దగ్గర లేని షేర్ల ధర చదివి చెప్పేది. నూట అరవై. రెండు వందలు. రెండు వందల నలభై. "భూముల ధరలూ దిగాయి. ఇంకొక్క ఏడాది ఆగారంటే మీ రెండెకరాలు వచ్చేస్తాయి" అనేది. తన పొలమే వస్తున్నట్టు సంబరపడేది. నేను కాఫీ తాగి తల ఊపేవాణ్ని.

ఒకసారి మాత్రం పెన్సిల్ పక్కన పెట్టి ఇట్లా అంది: "పదేళ్ల లెక్క చూసి కొన్నవాడు పదేళ్లు ఆగాలండీ. అప్పుడే ఈ లెక్క నిజమవుతుంది. మన దగ్గర పదేళ్లు ఎక్కడున్నాయి?" ఆమె గుండె అప్పటికే సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పి ఉన్నాడు.

చివరి నాలుగు నెలలు మంచం దిగలేదు. ఒకరోజు "అమ్మేశారా? పొలం కొన్నారా?" అని గొణిగితే, కొన్నానని చెప్పాను. అప్పుడు ఆ మొహం చూడాలి. రావల్కోల్ పోయే బస్సులోంచి రోడ్డు పక్కన ఒకాయన కూరగాయల పొలం కనిపిస్తుంది. ఎర్ర నేల, మూలకు బోరు, రెండు నిమ్మచెట్లు. దాన్నే నాదని చెప్పాను. టీచరమ్మ కదా, ఊరుకోదు. బోరు ఎన్ని అడుగులు? ముందు ఏం వేశారు? కూలీలు దొరుకుతున్నారా? అన్నిటికీ చెప్పాను. చెబుతుంటే కొన్నిసార్లు నాకే నిజమనిపించేది. పొలం నుంచి వచ్చినవాడిలా ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునేవాణ్ని.

ఆమె లెక్క ఎన్నడూ తప్పలేదు. అది ఎవరి కడుపూ నింపలేదు. నేను దాన్ని తిప్పికొట్టి పోగొట్టుకున్నాను. ఆమె అన్ని వందల కంపెనీల విలువ కట్టి, ఒక్కొక్క షేరే పెట్టుకుని పోయింది. ఆమె దగ్గర నేర్చుకున్నది ఇంకొకరికి చెబుదామంటే నా మాట ఎవడు వింటాడు? అయినా నాతో అన్నేళ్లు విసుగు లేకుండా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. అది మాత్రం ఈ సణిగే నోటితోనే చెప్పాలి.

దహనం అయ్యాక విజయవాడ నుంచి వచ్చిన ఆమె కూతురు నా దగ్గరికి వచ్చింది. "మామయ్యగారూ, అమ్మ ఎప్పుడూ మీ పొలం గురించే చెప్పేది. చూడాలనుంది, కానీ లేవలేను అనేది. దినం అయ్యాక మమ్మల్ని ఒకసారి తీసుకెళ్తారా?"

"తీస్కపోత బిడ్డా" అన్నాను. వేరే ఏం అనను?

మర్నాడు బస్సెక్కి రావల్కోల్ పోయాను. ఆ పొలం ఆయన్ని అడుగుదామనుకున్నాను. ఒక్క పూట, ఒక్క గంట, అది నాదని చెప్పుకోనిస్తే చాలు. నా బతుకులో ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. దారి పొడుగునా ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో కూడబలుక్కున్నాను. ఆయన అటు చివర బోరు దగ్గర ఉన్నాడు. నేరుగా అటే నడిచాను.

"ఓ పెద్దమనిషీ! ఆగు, ఆగు! కొత్మీర అలికిన మడి అది. చెప్పులేస్కొని తొక్కుతున్నవేంది?"

కిందికి చూశాను. చదును చేసిన మెత్తటి మట్టి. విత్తనం పడ్డ మడి అని ఒక్క చూపులో తెలియాలి. నాకు తెలియలేదు.

"సూడలే బిడ్డా" అన్నాను.

"సూడకుంటేంది, కాళ్లకు తెల్వదా? ఎన్నడన్న ఎవుసం జేసినవా?"

"లేదు" అన్నాను.

"ఎవలి కోసం వచ్చినవ్?"

"ఎవల్లేరు. బస్సు కోసం."

చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు మీదికి ఎక్కాను. ఆయన పారతో మట్టి తీసి ఆ మడికి నీళ్లు వదిలాడు. నీళ్లు మెల్లగా పాకుతూ వచ్చి, మడి తడవకముందే, నా చెప్పుల అచ్చుల్లో ఒక్కొక్క దానిలో నిండాయి.